పిల్లల్ని కనని కూలి చీమలు పరిణామంలో ఎలా నిలబడ్డాయి?

తూనీగ88:
అందరికీ నమస్తే. వారం నుంచి ఒక డౌట్ బుర్ర తొలిచేస్తోంది, తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్తే బాగుంటుంది. మొన్న పొద్దున గోడ వారగా చీమల బారు పోతుంటే చాలాసేపు చూస్తూ కూర్చున్నా. చచ్చిన పురుగుని పదిహేనో ఇరవయ్యో చీమలు కలిసి లాక్కెళ్తున్నాయ్, ఒక్కటంటే ఒక్కటి కూడా అక్కడే తినేద్దామని చూడట్లేదు. నేను చదివినంతలో బారులో కనపడేవన్నీ ఆడ చీమలేనట, కూలి చీమలు, వాటికి పిల్లలుండరు, గుడ్లు పెట్టేది రాణి. ఇక్కడే నాకు ఎక్కట్లేదు. ఎవరి పిల్లలు ఎక్కువ బతికితే వాళ్ల గుణాలు తర్వాతి తరానికి పోతాయి, పరిణామం అంటే ఇదే కదా? మరి పిల్లలే లేని చీమకి ఉన్న ఈ పనిచేసే గుణం తరతరాలుగా ఎట్లా వస్తోంది? ఇంకోటి, వీటికి ఎప్పుడు ఏం చెయ్యాలో చెప్పేది రాణేనా?

కొబ్బరాకు:
మంచి ప్రశ్న అండి. ఇది డార్విన్‌ని కూడా బాగా ఇబ్బంది పెట్టిన ప్రశ్న, 1859లో వచ్చిన పుస్తకంలో ఆయనే రాసుకున్నాడు, ఈ పిల్లలు కనని పురుగుల సంగతి చూసి మొదట్లో నా సిద్ధాంతం మొత్తానికే దెబ్బ అనుకున్నా అని. తర్వాత ఆయనే ఒక దారి కనిపెట్టాడు. రుచిగా ఉన్న కూరగాయని కోసి వండేసుకుంటాం, ఆ కాయ కథ అయిపోయింది, కానీ రైతు అదే జాతి విత్తనం మళ్లీ వేస్తాడు, అదే రుచి మళ్లీ వస్తుంది. అంటే ఎంపిక జరిగేది ఒక్క కాయ మీదే కాదు, ఆ కుటుంబం మీద కూడా. కూలి చీమని అలా తయారుచేసే జీన్స్, అంటే జన్యువులు, దాని తల్లిలో ఉన్నాయ్, రెక్కలొచ్చి ఎగిరిపోయే దాని అక్కచెల్లెళ్లలో, అన్నదమ్ముల్లో ఉన్నాయ్. వాళ్లు ఇంకోచోట గూడు పెడితే ఆ జీన్స్ కూడా అక్కడికి పోయినట్టే. కూలీలు బాగా పనిచేసిన గూటినుంచి ఎక్కువ రెక్కల చీమలు ఎగురుతాయ్, అంతే లెక్క.

మిణుగురు:
కొబ్బరాకు గారు చెప్పినదానికి అంకెలు కలుపుతా. 1964లో హామిల్టన్ అనే ఆయన దీన్ని లెక్కగా రాశాడు. చీమల్లో మగవాటికి తండ్రి ఉండడు, నిజంగానే. రాణి పెట్టిన గుడ్డుకి వీర్యం కలిస్తే ఆడ చీమ, కలవకపోతే మగ చీమ. జాక్ జంపర్ చీమల్లో ఒక రకం ఉంది, ఆడదానికి 2 క్రోమోజోములు (జీన్స్ ఉండే పోగులు), మగదానికి ఒకే ఒక్కటి, అంతకంటే తక్కువ ఉండే వీలే లేదు కదా! ఇప్పుడు చూడండి, తండ్రి దగ్గర క్రోమోజోముల సెట్టు ఒక్కటే ఉంది కాబట్టి కూతుళ్లందరికీ అదే మొత్తంగా వస్తుంది, తల్లి వైపు నుంచి వచ్చేదాంట్లో సగం కలుస్తుంది, మొత్తం కలిపితే అక్కచెల్లెళ్ల మధ్య జీన్స్‌లో 3/4 పోలిక. సొంత కూతురితో అయితే 1/2 మాత్రమే. అంటే కూతుర్ని కనేకంటే చెల్లెల్ని పెంచడమే లాభం. తూనీగ గారి ప్రశ్నకి జవాబు ఇదే.

గోరింక:
మిణుగురు గారూ, లెక్క కరెక్టే కానీ సగమే చెప్పారు, ఈ 3/4 సంగతి చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా. అక్కకి తమ్ముడితో ఉండే పోలిక 1/4 మాత్రమే. చెల్లెళ్లనీ తమ్ముళ్లనీ సమానంగా పెంచితే సగటు మళ్లీ 1/2కే వస్తుంది, అంటే సొంత పిల్లల్ని కన్నట్టే, అదనపు లాభం ఏం మిగల్లేదు. పైగా చెదపురుగుల్ని చూడండి, వాటిలో మగవాటికీ తండ్రి ఉంటాడు, మనలాగే, అయినా వాటికీ పిల్లల్లేని కూలీలున్నారు, అందులో మగ కూలీలు కూడా. (చీమలు పెట్టిన పుట్టలు అంటాం గానీ ఆ పెద్ద మట్టి పుట్టలు కట్టేవి చెదపురుగులే, అవి చీమలకి చుట్టాలు కూడా కాదు, బొద్దింకల వైపువి.) ఇటువైపు చూస్తే తండ్రిలేని మగవి ఉన్న కందిరీగలు, తేనెటీగల జాతులు బోలెడు ఒంటరిగానే బతుకుతున్నాయ్.

అసలు కీలకం తల్లి ఎన్ని మగవాటితో కలిసింది అన్నది. ఒక్కదానితోనే కలిస్తే తోబుట్టువుల సగటు పోలిక 1/2, సొంత పిల్లలతోనూ 1/2. త్రాసు సమానంగా ఉందన్నమాట, ఇప్పుడు ఇంట్లో ఉండి సాయం చెయ్యడం వల్ల చిటికెడు లాభం ఉన్నా అటే మొగ్గుతుంది. ఆ లాభం ఎక్కడిదంటే, ఒంటరి తల్లి తిండికోసం బయటికెళ్లి చచ్చిపోతే గూట్లో పిల్లపురుగులన్నీ పోయినట్టే, ఇంట్లో ఇంకో నలుగురు ఉంటే పెంపకం ఆగదు. 2008లో 267 జాతుల తేనెటీగలు, కందిరీగలు, చీమల్ని పోల్చి చూస్తే కూలీల వ్యవస్థ మొదలైన ప్రతి వంశంలోనూ పూర్వీకులు ఒకే జోడీ పద్ధతివే అని తేలింది. ఆకులు కత్తిరించే చీమల్లో రాణి చాలా మగవాటితో కలుస్తుంది నిజమే, కానీ అది తర్వాత వచ్చిన అలవాటు, అప్పటికే కూలీలు వెనక్కి పోలేని స్థితికి వచ్చేశాయ్.

వయసు విషయానికొస్తే, చీమలు కందిరీగల్లాంటి పూర్వీకుల నుంచి డైనోసార్ల కాలంలోనే విడిపోయాయ్. మయన్మార్ అంబర్‌లో (అంబర్ అంటే గట్టిపడి రాయిలా మారిన చెట్టు జిగురు) దొరికిన 9.9 కోట్ల ఏళ్ల నాటి ముక్కల్లో కూలి చీమలు గుంపుగా ఉన్నాయ్, ఒకదాంట్లో రెండు వేరే జాతుల చీమలు కొట్టుకుంటూనే జిగురులో చిక్కుకుపోయాయ్. అంటే అప్పటికే కలిసి బతకడం బాగా ముదిరిపోయింది. ఇవాళ పేరు పెట్టిన జాతులే 14,000 దాటాయ్.

తూనీగ88:
అబ్బ, గోరింక గారూ, త్రాసు మాటతో నాకు వెలిగింది, చాలా థాంక్స్. అయితే కూలి చీమలకి అసలు గుడ్లు పెట్టే శక్తే ఉండదా, లేక ఉన్నా పెట్టవా? రాణి ఆర్డర్ల సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

కంచుగంట:
జాతిని బట్టి మారుతుంది. నిప్పు చీమల కూలీలకి అండాశయాలే ఉండవు. కానీ చాలా జాతుల్లో ఉంటాయ్, తండ్రి అక్కర్లేదు కాబట్టి మగపిల్లల్ని కనగలవు కూడా, కానీ కొన్ని జాతుల్లో అలా ఒకటి దొంగచాటుగా గుడ్డు పెడితే మిగతా కూలీలు దాన్ని తినేస్తాయ్, లేదా పెట్టినదాన్ని పట్టుకుని కదలనివ్వవు. సాయం ఉన్నచోటే ఈ కాపలా కూడా ఉంది. నాకు మాత్రం అన్నిటికంటే ఆశ్చర్యం హార్పెగ్నాథోస్ అనే గెంతే చీమ. దాంట్లో రాణి చచ్చిపోతే కూలీలు మీసాలతో ఒకదాన్నొకటి కొట్టుకుంటూ వారాల తరబడి పోటీ పడతాయ్, గెలిచినవి గుడ్లు పెట్టడం మొదలెడతాయ్. దాదాపు 7 నెలలు బతకాల్సిన చీమ ఇప్పుడు 4 ఏళ్లదాకా బతకగలదు, మెదడు 20 శాతం పైనే కుంచించుకుపోతుంది, వేటకి పోనక్కర్లేదు కదా మరి. దాన్ని తీసి విడిగా పెడితే మళ్లీ కూలీగా మారి మెదడు మళ్లీ పెరుగుతుందని 2021లో చూపించారు. అదే జీన్స్, అదే చీమ, ఇంత మార్పు!

రాణి ఆర్డర్లు అయితే ఏం లేవండి. గూటికీ తిండికీ మధ్య ఒకటి పొట్టి దారి, ఒకటి పొడుగు దారి పెట్టి చూశారు. మొదట్లో చీమలు రెండిట్లోనూ పోయాయ్. పొట్టి దారిలో పోయినవి తొందరగా తిరిగొస్తాయ్ కాబట్టి అక్కడ చీమలు నడుస్తూ వదిలే వాసన, అదే ఫెరోమోన్, ముందుగా చిక్కబడింది, కాసేపటికి దాదాపు అన్నీ అటే. ఏ చీమకీ రెండు దారుల పొడుగు తెలీదు, అయినా గుంపు కరెక్టుగా ఎంచుకుంది.

తూనీగ88:
అద్భుతం. ఒక్కటి మిగిలిపోయింది, ఆ పురుగుని అక్కడే ఎందుకు తినలేదు? అది కూడా త్యాగమేనా?

గోరింక:
కాదండి, తినలేవు. ఎదిగిన చీమ గట్టి ముక్కలు మింగలేదు, నడుము సన్నం, లోపలికి పోయేది ద్రవమే. నోటి దగ్గరున్న చిన్న సంచిలో గట్టి పదార్థం వడపోత అయిపోతుంది. పురుగు మాంసం తిని అరిగించుకునేది ఎక్కువగా గూట్లో ఉన్న లార్వాలు, అంటే పిల్లపురుగులు, అందుకే ఇంటికి లాక్కెళ్తాయ్. తీపి రసం దొరికితే మాత్రం అక్కడే తాగేస్తాయ్, కానీ చాలాభాగం అరిగించుకోకుండా పొట్టలో వేరే సంచిలో దాచుకుని, ఇంటికెళ్లి నోటితో నోటికి పంచుతాయ్. మళ్లీ బారు కనపడినప్పుడు వచ్చే చీమల పొట్టా పోయే చీమల పొట్టా పోల్చి చూడండి, గూటివైపు పోయేవాటికి ఉబ్బి, చర్మం సాగి, లోపల ఉన్న రసం కనపడేలా ఉంటుంది.