అప్‌డేట్: స్కానింగ్ నార్మల్, అయినా తగ్గని నెలసరి నొప్పి

స్కానింగ్ నార్మల్ అయినా చెల్లికి నెలసరి నొప్పి ఎందుకు తగ్గట్లేదని అడిగాను కదా, శ్రీకాకుళంలో గైనకాలజిస్టుకి చూపించాం. అండాశయంలో చాక్లెట్ సిస్టు (పాత రక్తం నిండిన తిత్తి) ఉంటే స్కానింగులో తెలుస్తుంది గానీ, పొట్ట లోపలి పొర మీది చిన్న ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది దాని బయట పెరిగే జబ్బు) మచ్చలు కనబడవు. మలవిసర్జనప్పుడు కూడా నొప్పి ఉందంటే అనుమానించాల్సిందే.

నొప్పి మాత్ర మెఫెనమిక్ యాసిడ్‌ని నొప్పి ముదిరాక వేస్తే లాభం తక్కువ. అప్పటికే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారై గర్భసంచిని బిగించేస్తాయి. నొప్పి మొదలవగానే, అన్నం తిన్నాక 500 మి.గ్రా., రోజుకు మూడుసార్లు, రెండుమూడు రోజులే.

మాది కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం కాబట్టి ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూశారు. కిడ్నీ జబ్బుంటే ఈ మాత్రలు హాని. మన వైపు ఆడపిల్లలు దయచేసి షాపులో అడిగి కొనేసుకోవద్దు.

ఇప్పుడు చెల్లికి డైనోజెస్ట్ (ఎండోమెట్రియోసిస్‌కి ఇచ్చే హార్మోన్ మాత్ర) 2 మి.గ్రా., రోజూ ఒకే వేళకి. మొదటి నెలల్లో మధ్యమధ్య రక్తపు మరకలు కనబడతాయి, భయపడి మానేయకూడదు.