ఫైట్ అయ్యాక పజిల్ దగ్గర ఆట చల్లబడిపోతోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం. డ్యూటీ అయ్యాక రాత్రిళ్లు గోడో అనే గేములు తయారుచేసే ఇంజిన్‌లో చిన్న యాక్షన్ అడ్వెంచర్ గేమ్ చేస్తున్నాను. మా అరసవల్లి గుడిలో మార్చి, అక్టోబరు నెలల్లో ఉదయపు ఎండ స్వామి పాదాల మీద పడుతుంది కదా, అది తలుచుకుని ఒక పజిల్ పెట్టాను. నాలుగు అద్దాలు తిప్పి వెలుగును లోపలి తలుపు దాకా తేవాలి.

దాని ముందు గదిలో ఆరుగురు కాపలావాళ్లతో ఫైట్. మా బాబాయి కొడుకు చేత ఆడించాను. ఫైట్‌లో మంచి ఊపు మీదున్నాడు. అద్దాల దగ్గరకొచ్చి రెండు తిప్పాడు, గోడను కత్తితో నాలుగు దెబ్బలు కొట్టాడు, "అన్నయ్యా, ఇంకెవరూ రారా?" అని ఫోన్ తీసేశాడు.

సరే అని పజిల్ మధ్యలో శత్రువుల్ని దింపాను. ఇంకా చెడింది. అద్దం మీద చెయ్యి వేయగానే వెనక నుంచి దెబ్బ, ఇక ఆలోచనెక్కడిది? మా చెల్లిది రివర్స్ కేసు: పజిల్ ఇష్టం, ఫైట్ అంటే చిరాకు.

2017లో వచ్చిన బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ గేమ్‌లో చాలా పజిళ్లు విడి గదుల్లో ఉంటాయి, ఆటగాడికి మూడ్ ఉన్నప్పుడు వెళ్తాడు. నాది మొత్తం రెండు గంటల ఆట, అంత జాగా లేదు.

ఫైట్‌లోనే అద్దం వెలుగుతో కాపలావాళ్ల కళ్లు బైర్లు కమ్మేలా చేసి, ముందే అలవాటు చేస్తే పజిల్ కొత్తగా అనిపించదేమో? క్లూ ఎంతసేపటికి ఇవ్వాలి? గేములు చేసినవాళ్లు, బాగా ఆడేవాళ్లు కాస్త చెప్పండి.