ఇంట్లో ఉన్న పిల్లలకు తరగతిలోని వెనుక వరుసల మాట వినిపించడం లేదు

నేను ఎనిమిదో తరగతికి గణితం చెబుతాను. గదిలో 34 మంది, వీడియో కాల్ ద్వారా ఇంటి నుంచి 9 మంది ఒకే పీరియడ్‌లో పాల్గొంటారు. గది పొడవు సుమారు 8 మీటర్లు, ల్యాప్‌టాప్ నా బల్ల మీద ఉంటుంది. నా మాట అందరికీ స్పష్టంగానే చేరుతోంది కానీ, మూడో వరుస దాటాక ఎవరు ప్రశ్న అడిగినా ఇంట్లో ఉన్నవారికి తెగిపోయిన అక్షరాలే వినిపిస్తున్నాయి.

వీడియో కాల్ యాప్‌లో నేపథ్య శబ్దాలను అణచే సెట్టింగును కనిష్ఠానికి తగ్గిస్తే ఫ్యాన్ల హోరు మాటలను మింగేసింది. ల్యాప్‌టాప్ మైకును ఆపి, గది మధ్యలో ఒక ఫోనును అదే కాల్‌లో చేర్చి దాని మైకును వాడితే వెనుక వరుసలు బాగానే వినిపించాయి. అయితే స్పీకరు ల్యాప్‌టాప్‌ది, మైకు ఫోనుది కావడం వల్ల ప్రతిధ్వనిని తొలగించే ఏర్పాటు పనిచేయక, ఇంటి నుంచి మాట్లాడినవారికి తమ గొంతే అర సెకను ఆలస్యంగా తిరిగి వినిపించింది. స్పీకరు ఆపితే ఆ ప్రతిధ్వని పోతుంది, దానితోపాటు వారి మాటా గదికి చేరదు. ప్రతి ప్రశ్నను నేనే మళ్లీ చెబుతున్నాను గానీ, 40 నిమిషాల్లో ఆరేడు నిమిషాలు దానికే పోతున్నాయి, పైగా పిల్లల మధ్య చర్చ అన్నదే సాగడం లేదు.

మైకు, స్పీకరు కలిసి ఉండే కాన్ఫరెన్స్ స్పీకర్‌ఫోనును 5 మీటర్ల యూఎస్‌బీ కేబుల్‌తో గది మధ్యలో పెడితే, ఇంత పొడవున్న గదిలో చివరి వరుస మాటను అది స్పష్టంగా అందుకుంటుందా? ఇలాంటి గదిలో వాడి చూసినవారు చెప్పగలరా?