వాడని ట్యాబులను నిద్రపుచ్చడానికి ఏ ఎక్స్‌టెన్షన్ నమ్మదగినది?

ప్రశ్న (ప్రూఫ్‌రీడర్, గవర్నరుపేట, విజయవాడ)

నమస్కారం. నేను ఇక్కడి ప్రచురణ సంస్థలకు ప్రూఫులు దిద్దుతుంటాను. నాది 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్. నిఘంటువులు, పాత పత్రికల స్కాన్‌లు, మెయిలు అన్నీ కలిపి క్రోమ్‌లో 40కి పైగా ట్యాబులు తెరిచి ఉంచక తప్పదు. సాయంత్రమయ్యేసరికి టైపు చేసిన అక్షరం తెర మీదికి రావడానికి కూడా ఆలస్యమవుతోంది. అందుకని ట్యాబులను నిద్రపుచ్చే ఒక ఎక్స్‌టెన్షన్ (బ్రౌజరుకు జతచేసుకునే చిన్న ప్రోగ్రాం) వేసుకున్నాను. నిన్న ఒక ఆన్‌లైన్ ఫారంలో సవరణలు సగం నింపి, భోజనం చేసి వచ్చి ఆ ట్యాబు నొక్కితే, పేజీ మళ్లీ లోడై గళ్లన్నీ ఖాళీగా కనబడ్డాయి. రెండు గంటల పని పోయింది. ఇలా జరగకుండా ఉండే ఎక్స్‌టెన్షన్ ఏదైనా ఉందా?

సమాధానం (అరండల్‌పేట, గుంటూరు)

ట్యాబును నిద్రపుచ్చినప్పుడు పైన పేరు మాత్రమే మిగిలి, పేజీలోని సరుకంతా ర్యామ్ నుంచి తొలగిపోతుంది. మళ్లీ నొక్కినప్పుడు బ్రౌజర్ ఆ పేజీని కొత్తగా తెచ్చుకుంటుంది కాబట్టి, సేవ్ కాని రాత సాధారణంగా దక్కదు. నా మటుకు, మీకు అసలు ఎక్స్‌టెన్షనే అక్కరలేదనిపిస్తోంది. 2022 డిసెంబరులో గూగుల్, వాడని ట్యాబులను క్రోమే నిద్రపుచ్చే మెమరీ సేవర్ అనే సదుపాయాన్ని ప్రకటించింది. సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్ అనే చోట అది ఉంటుంది. సగం నింపిన ఫారం, పాట మోగుతున్న పేజీ, పిన్ చేసిన ట్యాబు వంటివాటిని అది సాధారణంగా ముట్టుకోదు. అయినా ఆ ఫారం ఉన్న సైటును ఎప్పుడూ మేలుకొని ఉండాల్సిన సైట్ల జాబితాలో చేర్చండి.

సమాధానం (పటమట, విజయవాడ)

పై మాటతో ఏకీభవిస్తూ ఒక హెచ్చరిక చేస్తున్నాను. ద గ్రేట్ సస్పెండర్ అనే ఎక్స్‌టెన్షన్‌ను ఒకప్పుడు 20 లక్షల మందికి పైగా వాడేవారు. 2020లో అది చేతులు మారింది. హానికరమైన కోడ్ ఉందంటూ 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని తొలగించింది. అది అసలు పేజీ స్థానంలో తన సొంత పేజీని నిలిపేది కనుక, దానితోపాటే జనం నిద్రపుచ్చిన ట్యాబులూ మాయమయ్యాయి. హిస్టరీలో ఆ ఎక్స్‌టెన్షన్ చిరునామా చివర అసలు చిరునామా దాగి ఉండడంతో, ఓపిక ఉన్నవారు ఒక్కొక్కటే వెలికి తీసుకున్నారు. ఎక్స్‌టెన్షనే కావాలనుకుంటే, సొంత పేజీ పెట్టకుండా బ్రౌజర్ పద్ధతిలోనే ట్యాబును ఖాళీ చేసే ఆటో ట్యాబ్ డిస్కార్డ్ వంటిదాన్ని చూడండి. ఇప్పుడున్నదాన్ని మాత్రం ట్యాబులన్నీ మేల్కొలపకుండా తీసివేయకండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ముందు ట్యాబులన్నీ మేల్కొలిపి, తర్వాతే ఎక్స్‌టెన్షన్ తీసివేసి, మెమరీ సేవర్ పెట్టాను. ట్యాబు మీద మౌస్ నిలిపితే అది ఎంత మెమరీ తింటున్నదో కనబడుతోంది. నిఘంటువుల కంటే పాత పత్రికల స్కాన్‌లే ఎన్నో రెట్లు ఎక్కువ తింటున్నాయి. ఇకమీదట వాటిని పని కాగానే మూసివేస్తాను, సవరణలను ముందుగా నోట్‌ప్యాడ్‌లో రాసుకొని ఫారంలోకి ఎక్కిస్తాను.