చింతచెట్టు మీది దెయ్యం, పక్కింటి ముసలమ్మ: పిల్లలకి భయం కథలు ఆపాలా, వద్దా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)
మా వీధి కుర్రాళ్ళు వేసవి సెలవుల నుంచి ప్రతి శనివారం రాత్రి గ్రంథాలయం అరుగు మీద కథలు చెబుతున్నారు. మొదట్లో పొడుపుకథలు, తెనాలి రామలింగడు. ఇప్పుడు అన్నీ దెయ్యం కథలే. మామూలు కథలకి పన్నెండు మంది దాటేవారు కాదు, వీటికి నలభై మంది పిల్లలు వస్తున్నారు. పోయిన వారం ఇద్దరు తల్లులు వచ్చి ఆపించమన్నారు. వాళ్ళ మాట తీసిపారేయలేను, మావాడికీ పదకొండేళ్ళే.

మా స్నానాలగది పెరట్లో, బాదం చెట్టు కింద. రెండు వారాలుగా రాత్రిపూట వాడు ఒక్కడూ వెళ్ళడం లేదు. నిన్న నేను తోడు వెళ్ళాను. ఎండిన బాదం ఆకు ఒకటి రేకు మీద టప్పున పడింది. వాడు నా చెయ్యి పట్టుకున్న పట్టుకి గోళ్ళు దిగాయి. అరచెయ్యి చల్లగా, తడిగా ఉంది. "ఆకే నాన్నా" అన్నాను. "ఆకని తెలుసమ్మా, అయినా ఒళ్ళు ఆగట్లేదు" అన్నాడు.

ఆకని తెలిశాక కూడా ఒళ్ళు ఎందుకు ఆగదు? లేని భయాన్ని మనమే పిల్లల్లో నాటుతున్నామా? ఆదివారం లోపు గ్రంథాలయం కమిటీకి ఏదో ఒకటి చెప్పాలి.

జీవశాస్త్రం మాస్టారు (విజయనగరం)
మీవాడు ఒక్క ముక్కలో చెప్పినదే నేను క్లాసులో గంటసేపు చెబుతానమ్మా. మెదడులో బాదం గింజ ఆకారంలో, ప్రమాదాన్ని పసిగట్టే ఎమిగ్డాలా అని ఒక భాగం ఉంది. చప్పుడు కబురు దానికి రెండు దారుల్లో వెళుతుంది. అడ్డదారిన వెళ్ళే కబురు "ఏదో కదిలింది" అని మాత్రమే చెబుతుంది. "అది ఆకు" అనే కబురు ఆలోచించే పొర చుట్టూ తిరిగి వెనకాల వస్తుంది. అది వచ్చేలోపే ఒళ్ళు సిద్ధమైపోతుంది. మూత్రపిండాల నెత్తి మీదుండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి, గుండె దడదడలాడుతుంది, కాలేయం నుంచి చక్కెర రక్తంలోకి వస్తుంది, నోరు ఎండుతుంది, అరచేతులకి చెమట పడుతుంది. తిరగబడడానికో పారిపోవడానికో ఒళ్ళు చేసుకునే ఈ ఏర్పాటు గురించే అమెరికా శరీరశాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో పుస్తకం రాశాడు. ఆకుని చూసి పామనుకుంటే పోయేదేమీ లేదు. పాముని చూసి ఆకనుకుంటే ప్రాణమే పోతుంది. అందుకే ఒళ్ళు ముందు ఉలిక్కిపడి తర్వాత ఆలోచిస్తుంది.

ఇది పుట్టుకతో వచ్చింది. కథ దాన్ని కదుపుతుంది, అంతే. నా మట్టుకు ఆపవద్దనే అంటాను. డెన్మార్క్‌లో ఆర్హస్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2020లో అచ్చువేసిన పరిశోధనలో, దెయ్యాల కొంప లాంటి ప్రదర్శనకి వచ్చిన 110 మందికి గుండె వేగం కొలిచే పరికరాలు కట్టి చూశారు. భయం మరీ తక్కువైతే చప్పగా ఉంది, మరీ ఎక్కువైతే ఆనందం పోయింది, మధ్యలో ఉన్నప్పుడే బాగుంది. కరోనా తొలి నెలల మీద 2021లో వచ్చిన మరో పరిశోధనలో, భయానక సినిమాలు ఇష్టపడేవాళ్ళలో మానసిక కలత తక్కువ కనిపించింది. పైడితల్లమ్మ పండక్కి జెయింట్ వీల్ ఎక్కి కేకలు పెట్టిన పిల్లలే దిగగానే మళ్ళీ టికెట్టు కొంటారు. భయపడి బయటపడడం వాళ్ళకి ఒక సాధన.

ఉద్దానం కుర్రోడు
మాస్టారూ, ఆ డెన్మార్కోళ్ళు టికెట్టు కొనుక్కుని ఎళ్ళినోళ్ళు. బయటికొచ్చే తలుపు ఎక్కడుందో ఆళ్ళకి తెలుసు. మాకలా కాదు.

మాది వజ్రపుకొత్తూరు వైపు. 2022 జూన్‌లో కిడిసింగి దగ్గర ఎలుగుబంటి ఒక మనిషిని చంపి, ఇంకొందర్ని గాయపరిచింది. చీకటి పడితే జీడితోటల్లోకి ఎవరం ఒంటరిగా ఎళ్ళం. ఎళ్ళాల్సొస్తే నలుగురం, చేతిలో కర్ర, గట్టిగా మాటాడుకుంటూ. మనిషి అలికిడి ముందే తెలిస్తే ఎలుగు తప్పుకుంటాది. ఎదురుపడితే మాత్రం ఎనక్కి తిరిగి పరిగెట్టొద్దని మా పెద్దోళ్ళు చెప్తారు.

పోయిన జీడి కాపులో పిక్కలు ఏరి ఆలస్యంగా వస్తన్నాను. తోడుకి ఎవరూ లేరు. ఊసుపోక చెవిలో దెయ్యం కథ పెట్టుకున్నాను. తెల్లచీర, గజ్జెలు, అన్నీ. కథ అయిపోయింది, ఇయర్‌ఫోన్ తీసి జేబులో పెట్టేను. ఇంకో ఫర్లాంగు నడిచేక తుప్ప కదిలింది. ఏటి కదిలిందో చూడలేదు. పిక్కల సంచి పారేసి పరిగెట్టేను. కొబ్బరి మోడు తగిలి బోర్లా పడ్డాను, మోకాలు చీలిపోయింది. ఎనకాల చూస్తే మెడకి తెగిన తాడుతో మేకపోతు.

అదే ఎలుగైతే? చెయ్యకూడదని చిన్నప్పట్నుంచి ఇన్న పనే చేసేను. నాకు అడవి భయం ఉంది, అది నా మేలుకే ఉంది. దాని చోట్లో ఈ దెయ్యం భయం వచ్చి కూర్చుంది. పిల్లలకి అసలు భయం నేర్పండి, అబద్ధం భయం ఎందుకు?

జీవశాస్త్రం మాస్టారు
మోకాలు ఎలా ఉంది తమ్ముడూ? నువ్వు చెప్పింది నిజం. కథ అయిపోయినా ఒంట్లో రేగిన అలజడి ఆ క్షణానే దిగదు. మిగిలిన వేడి తర్వాత ఏది ఎదురైతే దానికి అంటుకుంటుంది. డోల్ఫ్ జిల్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీని మీదే సిద్ధాంతం కట్టాడు. కాబట్టి కథ అవగానే పిల్లల్ని చీకట్లోకి పంపడం తప్పే. అది ఒప్పుకుంటాను. ఆపడం ఒప్పుకోను. ఇంట్లో ఆపితే ఫోన్లో ఒక్కళ్ళే వింటారు. పక్కన మనిషి లేని భయం ఇంకా చెడ్డది.

తెలుగు టీచర్ (పార్వతీపురం)
మీరిద్దరూ పారిపోవడం గురించే మాట్లాడుతున్నారు. తిరగబడడం గురించి నేను చెబుతాను.

ఎనభైల్లో వారపత్రికల నిండా క్షుద్ర సీరియళ్ళు. అప్పుడు మా ఊరు కూడా విజయనగరం జిల్లాలోనే ఉండేది. నాకు తొమ్మిదేళ్ళు. మధ్యాహ్నం మా అమ్మ పైకి చదివేది, వీధిలో ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ వినేవారు. అంతకుముందు మూడుదారుల దగ్గర దిష్టి నిమ్మకాయ కనిపిస్తే తొక్కకుండా పక్క నుంచి పోయేవాళ్ళం, అంతే. సీరియళ్ళు మొదలయ్యాక అదే నిమ్మకాయ ఎవరు పెట్టారు, ఎవరి మీద పెట్టారు అని మాట్లాడుకోవడం మొదలైంది.

ఆ వానాకాలం వీధి చివర ఒక పిల్లాడికి జ్వరం వచ్చింది, ఎంతకీ తగ్గలేదు. వాళ్ళ గుమ్మం పక్క కాలవలో గుడ్డబొమ్మ దొరికింది. దాని నడుముకి పిన్నీసు గుచ్చి ఉంది. సాయంత్రానికల్లా వీధంతా ఒకే పేరు: పసర్లు నూరి ఇచ్చే ఒంటరి ముసలమ్మ. చేతబడిని మావైపు చిల్లంగి అంటారు. రాత్రి ఎనిమిదింటికి పదిహేను మంది ఆవిడ గుమ్మం ముందు నిలబడ్డారు. మా నాన్న వెళ్ళి అడ్డం నిలబడకపోతే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోలేను. వారం తిరక్కుండా ఆవిడ కూతురు ఊరికి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు.

ఆ బొమ్మ నాది. లంగా జారిపోతోందని పిన్నీసు పెట్టింది నేనే. చెబితే నన్నే పట్టుకుంటారని నోరు విప్పలేదు.

తొంభైల్లో రాత్రిళ్ళు ఒక ఆడ దెయ్యం వచ్చి తలుపు తడుతుందని, "ఓ స్త్రీ రేపు రా" అని రాసి ఉంటే వెళ్ళిపోతుందని పుకారు వచ్చినప్పుడు మేమూ తలుపు మీద సుద్దతో రాసి పడుకున్నాం. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఎందుకంటే ఆ స్త్రీకి ఊరూ పేరూ లేదు. చింతచెట్టు మీద దెయ్యం అంటే జనం పరిగెడతారు. పక్కింట్లో మంత్రగత్తె అంటే అదే గుండెదడతో, అదే అడ్రినలిన్‌తో కర్ర పట్టుకుంటారు. చిల్లంగి నెపంతో ఏజెన్సీ పల్లెల్లో మనుషుల్ని చంపిన వార్తలు ఈనాటికీ చదువుతున్నాం. కాబట్టి అమ్మా, కథలో దెయ్యం ఉందా లేదా అని నేను అడగను. కథ విన్న పిల్లాడు ఇంటికి వెళుతూ ఏ ఇంటి వైపు చూస్తాడు అని అడుగుతాను.

భేతాళుడి కథలోనూ శ్మశానం ఉంది, శవం ఉంది. కానీ విక్రమార్కుడు పారిపోడు, కత్తి దూయడు. శవాన్ని భుజాన వేసుకుని నడుస్తూ అడిగిన ప్రశ్నకి జవాబు ఆలోచిస్తాడు. మా క్లాసులో ఆ కథ చెప్పినప్పుడు పిల్లలు మొదట ముడుచుకుంటారు, ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి నిటారుగా కూర్చుంటారు.

ఉద్దానం కుర్రోడు
టీచరమ్మా, మీ మాట చదివి చాలాసేపు ఏటీ రాయలేకపోయేను. అయినా నా మాట నాదే. పన్నెండేళ్ళ లోపు పిల్లలకి వద్దు.

నాగావళి గట్టు
కమిటీతో మాట్లాడాను. శనివారాలు ఆపడం లేదు. కానీ మంత్రగత్తె కథలు, చేతబడి కథలు, మన ఊళ్ళో ఉన్న మనిషినో ఇంటినో చూపించే కథలు ఇక చెప్పరు. దెయ్యం కథ ముందే అయిపోవాలి. ఆఖరి అరగంట పాటలు, పొడుపుకథలు. చిన్నపిల్లల గురించి తేలలేదు. ఆ ఇద్దరు తల్లులు తమ పిల్లల్ని పంపబోమనే ఇంకా అంటున్నారు, నేను బలవంతం చెయ్యను.

మావాడు మాస్టారి జవాబు రెండుసార్లు చదివించుకున్నాడు. రాత్రి టార్చి పట్టుకుని, నన్ను పెరటి గుమ్మంలోనే నిలబడమన్నాడు. బాదం చెట్టు కింద ఆగి, రేకు మీదికి వెలుగు వేసి ఆకులు లెక్కపెట్టాడు. "తొమ్మిది" అని నాకు కేకేసి లోపలికి వెళ్ళాడు.

ఉద్దానం కుర్రోడు
గెడ్డ (వాగు) అవతల నుంచి వచ్చే పిల్లలున్నారా? ఆళ్ళకి తోడెవరు?

నాగావళి గట్టు
ఆరుగురున్నారు. ఇంటర్ పిల్లలు ఇద్దరు ఇళ్ళ దాకా దిగబెడతారు. ఆ ఇద్దరి పేర్లూ అరుగు మీది బోర్డులో రాశాం.