అప్‌డేట్: దావీదు యోధుల పేర్లలో కత్తి లేదు

బైబిల్లోని రెండవ సమూయేలు గ్రంథం 23వ అధ్యాయంలో ఉన్న, ఇశ్రాయేలు రాజు దావీదు యోధుల పేర్లకు ‘వీరుడు’, ‘సింహం’ లాంటి అర్థాలుంటాయా అని అడిగాను కదా. మీరు చెప్పినట్టే ఆ హీబ్రూ పేర్లు విడదీసి చూశాను. చూసినవాటిలో యుద్ధం ఊసే లేదు!

మంచు పడే రోజున గుంటలోకి దిగి సింహాన్ని చంపిన బెనాయా అంటే ‘యెహోవా కట్టాడు’. తాపీమేస్త్రీకి సరిపోయే పేరు. చెయ్యి కత్తికి అంటుకుపోయేదాకా ఫిలిష్తీయులతో పోరాడిన ఎలియాజరు అంటే ‘దేవుడు సాయం చేశాడు’. పదునైన పేరు కావాలంటే రాజులకు ముందు, న్యాయాధిపతుల కాలం నాటి బారాకు ఉన్నాడు, మెరుపు అని అర్థం.

నన్ను ఆపేసింది మాత్రం ఊరియా. హీబ్రూలో ‘యెహోవా నా వెలుగు’. మనిషేమో హిత్తీయుడు, అంటే ఇశ్రాయేలీయుడు కాని పరజాతివాడు. 37 మంది జాబితాలో చివరి పేరు అతనిదే. అతన్ని చంపించింది దావీదే.