జర్మన్ "డొఖ్"కి మన "లేకేం" సరిపోతుందా?

డ్రెస్డెన్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. వచ్చిన కొత్తలో ఒక శనివారం పొద్దున్నే పక్క గది అబ్బాయి వచ్చి "కొమ్స్ట్ డు నిష్ట్ మిట్?" అన్నాడు, మాతో రావట్లేదా అని. నేను "యా" అన్నాను. "అవును, రావట్లేదు" అని నా ఉద్దేశం. పాపం, అతను బూట్లు వేసుకుని నాకోసం గుమ్మంలో కాచుకున్నాడు. రాతెన్ కొండలకి వెళ్లే రైలు కాస్తా వెళ్లిపోయింది.

మన "అవును" ఎదుటివాడి మాటకి తలూపుతుంది. "రావట్లేదా?" అంటే "అవును, రావట్లేదు". జర్మన్‌వాళ్లు అలా కాదు, జరిగేదాన్ని బట్టి చెబుతారు. రాకపోతే "నైన్", అంటే "లేదు". వస్తుంటే మాత్రం "యా" చాలదు, "డొఖ్" అనాలి. చివరి ఖకారం గొంతులో గరగరలాడాలి. ఫ్రెంచివాళ్ల "సి"దీ ఇదే పని.

దీనికి తెలుగు మాట లేదనే అనుకున్నాను. నోట్సులో "లేదు లేదు, వస్తాను" అని ఏదో రాసుకున్నాను. ఓరోజు ఫోన్లో అమ్మ "ఇంకా తినలేదా?" అంటే "తినకేం, తిన్నాను" అనేశాను. అని, నాకు నేనే ఆగిపోయాను. ఇదే కదా డొఖ్! తెలియదా? తెలియకేం. డబ్బుల్లేవా? లేకేం. "తినక"కి "ఏం" తగిలిస్తే ప్రశ్నలోని "లేదు" కాస్తా ఎగిరిపోతుంది. కాకపోతే వాళ్లకి అన్నిటికీ ఒకటే మాట, మనకి క్రియకో మాట.

ఇంకో తమాషా. ఈ ఊళ్లో పెద్దవాళ్లు చాలామంది "యా"కి బదులు "ను" అంటారు, సాక్సన్ యాస. బ్రెడ్ల షాపులో కార్డు తీసుకుంటారా అని అడిగితే ఆవిడ "ను" అంది. నా చెవికి అది "నో". జేబులన్నీ తడుముకుని చిల్లర లెక్కపెడుతుంటే, ఆవిడ మిషన్ నా ముందుకి జరిపింది.

— జవాబు: "తినకేం" బాగా పట్టారు. కానీ అది ప్రశ్నకే కదా? ఎవరైనా "అది నిజం కాదు" అని తేల్చి చెప్పేస్తే "కాకేం" అంటామా?

— నిజమే, అనం. ట్రామ్‌లో ఇద్దరు పిల్లలు "నైన్!" "డొఖ్!" "నైన్!" "డొఖ్!" అని రెండు స్టాపుల దాకా కొట్టుకున్నారు. మన పిల్లలైతే "కాదు", "అవును" అనే అరుచుకుంటారు. అక్కడ "లేకేం" పనికిరాదు. పైగా దానిలో "అదేం ప్రశ్న?" అనే విసుపు కాస్త ఉంది. మామూలు డొఖ్‌లో అది ఉండనక్కర్లేదు.

— మేం "ఎందుకు రాను, వస్త" అంటం. మీ "రాకేం" మా ఇంట్లో అమ్మమ్మ నోటే విన్న.

— మా చెల్లెలైతే "తెలియదా?" అంటే "తెలుసు" అని ఊరుకుంటుంది. ఈ "-కేం" ఇప్పటి పిల్లల నోట వినిపిస్తోందా?